మోటుపాటలోని మర్మం

కొన్ని పాటలు మొదటిసారి వినగానే మనసుకు హత్తుకుంటాయి. మరికొన్ని మొదటిసారి చెవికి ఎదురు తిరుగుతాయి. మొదటి తరగతి పాటలను ప్రేమించడానికి శ్రోత ప్రత్యేకంగా శ్రమపడనక్కరలేదు. రెండవ తరగతి వాటి విషయంలోనే మనం తొందరపడి తీర్పు చెప్పేస్తాము. "రాగం లేదు, తీరు లేదు, ఒట్టి అరుపు" అని పక్కకు నెట్టివేస్తాము. నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలలో తరతరాలుగా వినవచ్చిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట ఈ రెండవ తరగతికి చెందినది. 1977లో లండను నగరం నుండి నలుగురు యువకులు వెలువరించిన 'పింక్ ఫ్లాగ్' అనే వింత ఆల్బమూ ఆ తరగతిదే. ఈ రెండింటికీ ఏ విధమైన చుట్టరికమూ లేదు. అయినా రెండూ శ్రోతను ఒకే ప్రశ్న అడుగుతాయి: నన్ను మరొకసారి వినే ఓపిక నీకున్నదా?

ముందుగా మన పాట సంగతి చూద్దాము. 1800లో నిజాము ప్రభువు దత్తమండలాలను ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేసినాడు. ఆ మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాళ్ళ బలాన్ని అణచివేసి, కొందరికి భరణాలు ఏర్పాటు చేసి, రైతువారీ పద్ధతిని నెలకొల్పినాడు. కోటలు పోయినవి, సేనలు పోయినవి. గ్రామ రక్షణ చేస్తూ ఇనాము భూములు అనుభవించిన కట్టుబడివారికి కూడా క్రమంగా ఆ భూములు దక్కకుండా పోయినవి. ఉయ్యాలవాడకు చెందిన నరసింహారెడ్డికి మిగిలినది నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసల భరణం. 1846లో అతడు తిరుగుబాటు లేవదీసి, అప్పట్లో కడప జిల్లాలో ఉండిన కోవెలకుంట్ల ఖజానాపై దాడి చేసినాడు. కొన్ని మాసాలు పోరాడి పట్టుబడినాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో జనసమూహం ఎదుట అతనిని ఉరితీసినారు. చూచినవారికి భయం పుట్టవలెనని అతని తలను కోట గుమ్మాన ఏళ్ళ తరబడి వ్రేలాడదీసినారు.

పాలకులు తలను చూపి జనాన్ని మౌనంగా ఉంచదలచినారు. జనం ఆ తలను చూస్తూనే పాట కట్టినారు. ఆ పాటను అర్థం చేసుకోవడానికి ఈ ఒక్క విషయం గుర్తుంచుకొంటే చాలును. అది సభలో మెప్పు కోసం పుట్టినది కాదు. మాట్లాడవద్దన్న చోట మాట్లాడడానికి పుట్టినది.

సంగీత సభలకు అలవాటుపడిన చెవికి ఈ పాట మొదటిసారి మోటుగానే వినిపిస్తుంది. స్వర విస్తారం స్వల్పం. గమకాల సొగసు కనబడదు. గొంతు చించుకొని పాడినట్లుంటుంది. వీరునికి జేజేలు చెప్పే పల్లవి పదే పదే తిరిగి వస్తుంది. 2019లో వెలువడిన 'సైరా నరసింహారెడ్డి' చలనచిత్రానికి పేరు కూడా ఆ జేజే నుండే వచ్చినది. చిత్రంలో వందలాది గుర్రాలూ, కత్తులూ, ఘనమైన వాద్యగోష్ఠీ ఉన్నవి. జానపదుని పాటలో అవేవీ లేవు. ఒక గొంతు, దానికి తోడు పలికే రెండు మూడు గొంతులు, ఒక తాళం. అంతే.

రెండవసారి వినండి. ఇప్పుడు కథ మనకు తెలిసిపోయినది కనుక చెవి కథ మీద నుండి గొంతుల మీదికి మళ్ళుతుంది. వీరగాథలను వినిపించే మన కథన పద్ధతిని ఇక్కడ కొంచెం తలచుకోవాలి. కోస్తాలో బుర్రకథ అనీ, తెలంగాణలో తంబూర కథ అనీ, రాయలసీమలో తందాన కథ అనీ దానికి పేర్లు. నడుమ కథకుడు తంబూర మీటుతూ, చేతి అందెలు మోగిస్తూ కథ నడుపుతాడు. ఇరుప్రక్కల వంతలు గుమ్మెటలు వాయిస్తూ వంత పాడతారు. వారిలో ఒకడు హాస్యం చెబుతాడు, మరొకడు కథను ఆపి నేటి రాజకీయం మీద మాట విసురుతాడు. మొదటిసారి విన్నప్పుడు ఈ అడ్డు మాటలు చిందరవందరగా తోస్తాయి. రెండవసారి వింటే అవి శ్రోతల పక్షాన అడిగిన ప్రశ్నలని తెలుస్తుంది. కథకుడు చరిత్ర చెబుతుంటే వంతలు ఆ చరిత్రను వర్తమానానికి ముడిపెడుతున్నారు. పద్మశ్రీ షేక్ నాజర్ 20వ శతాబ్దంలో బుర్రకథను మహోన్నత స్థాయికి తీసుకొనిపోయినారంటే, కథ, హాస్యం, రాజకీయం అనే ఈ మూడు పోగులనూ ఒకే త్రాడుగా పేనడంలోనే వారి ప్రజ్ఞ ఉన్నది.

ఇక లండను సంగతి. ఆంగ్లంలో 'పంక్' అన్న మాటకు పనికిమాలినవాడు అనే అర్థం ఉన్నది. 1976, 77 సంవత్సరాలలో ఇంగ్లండులో యువకులు ఆ తిట్టునే బిరుదుగా ధరించినారు. అప్పటి ప్రసిద్ధ వాద్యబృందాలు గంటల కొలదీ సాగే ఆడంబరమైన సంగీతం వినిపిస్తుండగా, గిటారుపై రెండు మూడు స్వరమేళాలు పట్టుబడితే చాలును, తమ మాట తాము పాడుకోవచ్చునని వీరు వాదించినారు. పాండిత్యం లేకపోవడం పాడకుండా ఉండడానికి కారణం కారాదన్నది వారి పట్టుదల. ఈ వాదం మన పల్లె గాయకునికి కొత్తది కాదు. అతనికి పాడడానికి ఎవరి అనుమతీ ఎన్నడూ అవసరపడలేదు.

ఆ పంక్ గుంపులో 'వైర్' అనే బృందం ఒక విలక్షణమైన శాఖ. కోలిన్ న్యూమన్, గ్రాహం లూయిస్, బ్రూస్ గిల్బర్ట్, రాబర్ట్ గోటుబెడ్ అనే నలుగురు అందులోని వారు. 1977లో వారు వెలువరించిన తొలి ఆల్బం 'పింక్ ఫ్లాగ్', అనగా గులాబి జెండా. సుమారు 35 నిమిషాలలో 21 పాటలు! ఒక పాట నిడివి కేవలం 28 సెకన్లు. చెప్పదలచిన మాట అయిపోగానే పాట ఆగిపోతుంది. రెండవ చరణం కోసం ఎదురు చూచే శ్రోతకు మెట్టు ఉన్నదనుకొని కాలు వేసి తూలినట్లవుతుంది. ఆల్బంలోని మొదటి పాటకు 'రాయిటర్స్' అని ఒక వార్తాసంస్థ పేరు పెట్టినారు. అది కల్లోలిత ప్రదేశం నుండి విలేఖరి పంపిన వార్త వలె నడచి, చివరకు గుంపుగా ఒకే మాటను పలుమార్లు అరుస్తూ ముగుస్తుంది.

వెలువడిన నాడు ఈ ఆల్బంకు విక్రయాలలో చెప్పుకోదగిన స్థానం లభించలేదు. కాని విన్నవారు దానిని విడిచిపెట్టలేదు. తరువాతి కాలంలో అమెరికాలోని 'ఆర్.ఇ.ఎం.' అనే ప్రసిద్ధ బృందం 1987లో ఇందులోని ఒక పాటను తిరిగి పాడినది. ఇంకా పలువురు దాని నుండి పాఠాలు నేర్చుకొన్నారు. మొదటిసారి ఇరవైయొక్క తుంపులుగా వినిపించినది, నాలుగైదు సార్లు విన్న తరువాత ఒకే వస్త్రంగా కనబడుతుంది. ఏ పాట ఎక్కడ తెగినదో తెలిసిన కొద్దీ, ఆ తెగిన చోటులోనే అర్థం ఉన్నదని బోధపడుతుంది. తొందరపాటని మనం అనుకొన్నది నిజానికి మితభాషణం.

ఇక్కడ ఒక ముఖ్యమైన భేదాన్ని గమనించాలి. ఆల్బంలోని పాట తనను తాను కుదించుకొంటుంది. మన వీరగాథ తనను తాను పెంచుకొంటుంది. కారణం స్పష్టమే. రికార్డు ఉన్నవాడు కావలసినప్పుడు ముల్లును మళ్ళీ మొదటికి పెట్టుకోవచ్చును. కనుక పాట ఒక్కసారే చెప్పి ఊరుకోగలదు. జాతరలో నిలబడి విన్న శ్రోతకు ఆ వసతి లేదు. గాయకుడు రేపు మరొక ఊరికి పోతాడు. అందుచేత పునరావృత్తి పాటలోనే ఇమిడి ఉన్నది. పల్లవి తిరిగి రావడం, వంతలు మాటను అందుకొని మళ్ళీ పలకడం గాయకుని దారిద్ర్యం వల్ల కాదు. శ్రోత చేయలేని పనిని పాట తానే చేసి పెడుతున్నది. ఒకటి మళ్ళీ వినమని అడుగుతుంది, రెండవది మళ్ళీ వినిపిస్తుంది.

తిరిగి వచ్చే పల్లవి అంతకంతకు మారుతుందన్నది మూడవసారి వింటేగాని తెలియని విషయం. మాటలు అవే, వరస అదే. కాని వీరుడు ఖజానాపై దూకినప్పుడు ఆ జేజే ఉత్సాహం. అతడు పట్టుబడిన తరువాత అదే జేజే శోకం. ఉరి తరువాత అదే జేజే ధిక్కారం. పాడేవాడు ఒక్క అక్షరం మార్చలేదు. మారినది వినేవాని మనసు. ఒకే మాటతో మూడు రసాలు పలికించిన గాయకుణ్ణి మోటువాడని అనడానికి మనకు నోరెట్లా వస్తుంది?

మూడవసారి విన్న చెవికి మరొకటి కూడా వినబడుతుంది. అది పాటలో లేనిది. 1886లో నరహరి గోపాలకృష్ణమసెట్టి కర్నూలు జిల్లా మాన్యువల్ రచించినారు. అటువంటి అధికార గ్రంథాలలో తిరుగుబాటంటే భరణం, దాడి, పట్టివేత, శిక్ష అనే లెక్క. పాటలో తిరుగుబాటంటే ఒక వీరుని తేజస్సు. ఈ రెండింటి నడుమ మిగిలిపోయినవారు ఎవరు? ఇనాములు పోగొట్టుకొని అతని వెంట నడచిన కట్టుబడివారు. వడ్డె ఓబన్న వంటి ఒకరిద్దరి పేర్లను జనం నేటికీ తలచుకొంటున్నారు. తక్కినవారు పేరు లేనివారు. పాట దొరను పొగడుతుంది, నిజమే. కాని పొగడుతున్నది ఎవరు? వంతల గొంతులో వినిపించే ఆ 'మేము' ఎవరు? ఆ గుంపు గొంతే పేరు లేనివారి సంతకమని నా భావన. చలనచిత్రం చూచి కేవలం వీరుణ్ణి గుర్తు పెట్టుకొన్నవారికి ఈ సంతకం కనబడదు.

అయితే మోటుదనమంతా గొప్పదే అనడం నా ఉద్దేశం కాదు. ఒట్టి అరుపు ఎన్నిసార్లు విన్నా ఒట్టి అరుపే. రెంటికీ భేదం తెలిపే గీటురాయి కూడా పునఃశ్రవణమే. మళ్ళీ వింటున్న కొద్దీ కొత్త సంగతి దొరికితే అది కళ, విసుగు మాత్రమే దొరికితే అది చప్పుడు. ఆళ్ళగడ్డ శిల్పుల పనిని చూచినవారికి ఈ మాట సులభంగా అర్థమవుతుంది. నునుపు చేయని రాతిమీద ఉలి దెబ్బలన్నీ ఒక్కలాగే కనబడతాయి. కొంతసేపు నిలబడి చూస్తే కొన్ని దెబ్బలు వృథా, కొన్ని దెబ్బలు రూపం అని తెలుస్తుంది.

ఆళ్ళగడ్డకు సమీపాననే అహోబిల క్షేత్రం ఉన్నది. తాళ్ళపాక అన్నమాచార్యులు అహోబిల మఠాధిపతి శఠకోపయతి వద్ద వేదాంతం అభ్యసించినారని ఆయన చరిత్ర చెబుతున్నది. ఆయన సంకీర్తనలు రాగిరేకుల కెక్కి, తిరుమల భాండాగారంలో శతాబ్దాలు నిద్రించి, 20వ శతాబ్దంలో వెలుగు చూచినవి. సాహిత్యం చెక్కుచెదరక నిలిచినది. రాగాల పేర్లు నిలిచినవి. కాని పలు కీర్తనల అసలు వరసలు నిలువలేదు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ వంటి విద్వాంసులు వాటికి కొత్తగా స్వరాలు కూర్చవలసి వచ్చినది. రాగిమీద చెక్కిన పాటకే ఈ గతి పట్టినప్పుడు, రాతకే ఎక్కని పాట మాట ఏమి? అది వినేవారున్నంత కాలమే ఉంటుంది. వినడం మానివేసిన నాడు దానికి మరొక భాండాగారం లేదు.

ఈ పాటలను పోనీయకుండా కాపాడినవారు మనలో లేకపోలేదు. బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయ సాహిత్యంపై పరిశోధన చేసి విశ్వవిద్యాలయాలలో దానికి పీట వేసినారు. తంగిరాల వెంకటసుబ్బారావుగారు 'రేనాటి సూర్యచంద్రులు' అనే గ్రంథంతో ఈ సీమ వీరగాథలను పండితలోకం దృష్టికి తెచ్చినారు. వారి కృషికి కొనసాగింపు పాఠశాలలలోనే జరగాలి. 2022లో నంద్యాల ప్రత్యేక జిల్లా అయినది. ఈ జిల్లా ఉపాధ్యాయులు నరసింహారెడ్డి పాఠం చెప్పేటప్పుడు, తేదీలు వల్లె వేయించడంతో ఊరుకోక, ఆ పాటను తరగతిలో ఒకటికి మూడుసార్లు వినిపించవచ్చును. మొదటిసారి విన్న తరువాత విద్యార్థులు కథ వ్రాయాలి. రెండవసారి విన్న తరువాత ఏ గొంతు ఏ గొంతుకు బదులు చెబుతున్నదో వ్రాయాలి. మూడవసారి విన్న తరువాత పాటలో ఎవరి మాట వినబడలేదో వ్రాయాలి. మూడు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, వినడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

విద్యార్థులకు కూడా ఒక మనవి. నేడు ప్రతి ఇంటా జేబులో పట్టే యంత్రమే గొంతును భద్రపరచగలదు. మీ ఊళ్ళో పాట తెలిసిన అవ్వనో, తాతనో అడిగి, వారి అనుమతితో పాడించి పదిలపరచండి. పాడినది పాడినట్లే వ్రాసుకోండి. యాసను దిద్దకండి, తెగిన చోట అతుకు వేయకండి, మళ్ళీ వచ్చిన పల్లవిని ఒకసారి చాలునని కొట్టివేయకండి. అది దేనికి మళ్ళీ వచ్చినదో ఈనాడు మీకు తెలియకపోవచ్చును. నాలుగవసారి వినేవారికి తెలుస్తుంది.