దూకే గుర్రానికి నడక పాఠం ఎందుకు?

బస్తర్‌లోని కొండగావ్ ఘడ్వా కళాకారులు మైనపు నమూనాతో పోతపోసే ఢోక్రా బొమ్మల్లో గుర్రమూ, దాని మీద రౌతూ ఎంతోకాలంగా ఉన్నారు. గుర్రం బొమ్మ ఇళ్లలో మిగిలింది గానీ, ప్రాణమున్న గుర్రానికి మన మనసులోని మాట తెలిపే విద్య మాత్రం సామాన్యులకు దూరమైంది. ఆ విద్య పేరు ఇప్పుడు డ్రెస్సాజ్. ఈవెంటింగ్ అనే పోటీకి అదే పునాది.

ఈవెంటింగ్ అంటే ఏమిటి?

ఒకే గుర్రం, ఒకే రౌతు కలిసి మూడు పరీక్షలకు నిలబడే పోటీ ఇది. మొదటిది డ్రెస్సాజ్: గీత గీసిన చదునైన బరిలో, ముందే నిర్ణయించిన వరుసలో నడకలు, మలుపులు, వృత్తాలు చూపించాలి. రెండోది క్రాస్ కంట్రీ: ఎత్తుపల్లాల నేలమీద పరుగెత్తుతూ కదలని దుంగలు, గుంటలు, నీటి మడుగులు దాటాలి. మూడోది షో జంపింగ్: తగిలితే పడిపోయే కర్రల మీంచి దూకాలి. ఇది సైనికాశ్వాల పరీక్షగా పుట్టింది. 1912 స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో మొదటిసారి చేరినప్పుడు సైనికాధికారులే ఇందులో పాల్గొన్నారు. కవాతులో క్రమశిక్షణ, యుద్ధభూమిలో ధైర్యం, మర్నాడు మళ్లీ పనిచేసే సత్తువ ఈ మూడూ గుర్రంలో ఉన్నాయా అని చూడటమే ఆనాటి ఉద్దేశం.

డ్రెస్సాజ్‌కు మార్కులు ఎలా వేస్తారు?

బరి వెడల్పు 20 మీటర్లు. పొడవు 60 మీటర్లు, చిన్న స్థాయి పోటీల్లో 40. అంచుల వెంట ఇంగ్లీషు అక్షరాల పలకలు ఉంటాయి. ఫలానా అక్షరం దగ్గర ట్రాట్ అనే చిన్నపరుగు మొదలుపెట్టాలి, ఫలానా చోట 20 మీటర్ల వృత్తం తిప్పాలి అని ముందే రాసి ఉంటుంది. ప్రతి కదలికకూ న్యాయనిర్ణేతలు సున్నా నుంచి పది వరకు మార్కులు వేస్తారు. వచ్చిన శాతాన్ని నూరులోంచి తీసేయగా మిగిలిందే పెనాల్టీ. 72 శాతం వస్తే 28 పెనాల్టీలు. చివరికి ఎవరి పెనాల్టీలు తక్కువైతే వాళ్లదే గెలుపు.

షో జంపింగ్‌లో ఒక కర్ర పడితే 4 పెనాల్టీలు. క్రాస్ కంట్రీలో గుర్రం మొదటిసారి మొరాయిస్తే 20, గడువు దాటిన ప్రతి సెకనుకు 0.4. అంటే డ్రెస్సాజ్‌లో 8 శాతం వెనకబడితే రెండు కర్రలు పడగొట్టినంత నష్టం.

టోక్యో ఒలింపిక్స్‌లో బెంగళూరు రౌతు ఫవాద్ మీర్జా ప్రయాణం చూస్తే ఈ లెక్క బాగా అర్థమవుతుంది. సెన్యూర్ మెడికాట్ అనే గుర్రం మీద ఆయన డ్రెస్సాజ్‌లో 28.00 తెచ్చుకుని ముందు వరుసలో నిలిచాడు. క్రాస్ కంట్రీలో కాలం మీరినందుకు 11.20, జంపింగ్‌లో రెండు కర్రలకు 8 చేరాయి. అయినా రెండోసారి దూకించే తుది అంకానికి అర్హత దక్కింది. అక్కడ చేరిన పెనాల్టీలతో కలిపి చివరికి 59.60 తో 23వ స్థానం. ఒలింపిక్స్ ఈవెంటింగ్‌లో జంపింగ్ తుది అంకానికి అర్హత సాధించిన మొదటి భారతీయుడు ఆయనే. తొలిరోజు మెత్తగా సాగిన ఆ నడకలే ఆయనకు ఆ వెసులుబాటు ఇచ్చాయి.

మార్కులు సరే, దూకడానికి ఇది ఎలా పనికొస్తుంది?

గుర్రం ఊరికే నిలబడినప్పుడు దాని బరువులో దాదాపు 60 శాతం ముందుకాళ్ల మీదే ఉంటుంది. పైన రౌతు కూర్చుంటే ఆ భారం ఇంకాస్త ముందుకే ఒరుగుతుంది. కానీ గాలిలోకి లేపేది వెనక కాళ్లు. బరువు ముందుకు పడి పరుగెడుతున్న గుర్రం అడ్డంకి దగ్గరకు వచ్చాక ముందుభాగాన్ని లేపలేదు. షో జంపింగ్‌లో అయితే కర్ర పడుతుంది; క్రాస్ కంట్రీలో దుంగ పడదు, గుర్రమే పడుతుంది.

వెనక కాళ్లను పొట్ట కిందికి తెచ్చి, వాటిమీద బరువు మోయడం గుర్రానికి నేర్పేదే డ్రెస్సాజ్. మైదానంలో దౌడు తీస్తున్న గుర్రాన్ని అడ్డంకి ముందు రౌతు ఒక్క క్షణం కూడదీయాలి; ఊపు చావకూడదు, అంగ మాత్రం పొట్టి కావాలి. నేల పల్లమైతే ఇంకా నెమ్మది, ఎదురుగా వెడల్పాటి గుంట ఉంటే అంగ సాగాలి. ఇలా అంగను పెంచడం, తగ్గించడం బరిలో రోజూ చేసినవే. ఇప్పుడు క్రాస్ కంట్రీలో సన్నని ముఖమున్న అడ్డంకులు ఎక్కువయ్యాయి. గుర్రం ఒక జానెడు పక్కకు వాలినా దాన్ని తప్పించుకుని పోతుంది. సూటిగా నడవడం రాని గుర్రానికి అక్కడ ధైర్యం ఒక్కటే సరిపోదు.

గుర్రానికి మన మాట ఎలా తెలుస్తుంది?

రౌతుకు మూడు సాధనాలు: కూర్చునే తీరు, కాళ్లు, పగ్గాలు. ఇందులో మొదటిదే పెద్దది. జాతరలో భుజాల మీద కూర్చున్న పిల్లవాడు ఒక పక్కకు ఒరిగితే, మోసే తండ్రి పడిపోకుండా ఆ పక్కకే అడుగు వేస్తాడు. గుర్రం చేసేదీ అదే. మన బరువు ఎటు జరిగితే దాని కిందికి రావాలని చూస్తుంది. అందుకే వంకరగా కూర్చున్న రౌతు గుర్రం ఎప్పుడూ వంకరగానే పోతుంది.

కాలితో తాకి అడిగాం, గుర్రం కదిలింది. ఆ క్షణంలోనే కాలు వదులు కావాలి. పగ్గం బిగించి ఆగమన్నాం, ఆగింది. వెంటనే వేళ్లు మెత్తబడాలి. గుర్రం నేర్చుకునేది ఒత్తిడి నుంచి కాదు, ఒత్తిడి తొలగిన క్షణం నుంచి. జవాబు వచ్చాక కూడా నొక్కుతూనే ఉంటే, తాను చేసింది తప్పేమో అనుకుంటుంది. కొన్నాళ్లకు ఆ కాలిని లెక్కచేయడం మానేస్తుంది. మొద్దు గుర్రం, మొండి గుర్రం అని మనం పేర్లు పెట్టేవాటిలో చాలా గుర్రాలు ఇలా తయారైనవే.

గ్రీకు సైనికుడు జెనొఫొన్ రెండు వేల మూడు వందల ఏళ్ల కిందటే అశ్వశిక్షణ మీద పుస్తకం రాస్తూ, బలవంతంగా చేయించిన పనిలో గుర్రానికి అవగాహనా ఉండదు, అందమూ ఉండదు అని తేల్చాడు. మన అమరకోశం గుర్రపు గతులను అయిదు ధారలుగా విడదీసి పేర్లు పెట్టింది. గతిని అంత శ్రద్ధగా గమనించిన సంప్రదాయం మనదీ.

ఏది ముందు, ఏది తర్వాత?

జర్మన్ పద్ధతిలో ఆరు మెట్లు ఉన్నాయి. చాలాచోట్ల దాదాపు ఇదే క్రమం పాటిస్తారు.

మొదటిది లయ. నడకలో నాలుగు దెబ్బలు, ట్రాట్‌లో రెండు, క్యాంటర్ అనే మధ్యరకం దౌడులో మూడు. ఈ తాళం తప్పకూడదు. రెండోది సడలింపు: వీపు బిగించుకోకుండా మెడ సాచి నడవడం. మూడోది కళ్లెంతో సంబంధం: పగ్గాలు లాగినట్టూ ఉండకూడదు, వేలాడకూడదు. నాలుగోది ఊపు: వెనక కాళ్లలో పుట్టిన బలం వీపు మీదుగా ముందుకు రావడం. అయిదోది సూటిదనం: వెనక కాళ్లు ముందుకాళ్ల దారిలోనే పడటం. ఆరోది కూర్పు: వెనక కాళ్లు ఎక్కువ బరువు మోసి ముందుభాగం తేలికపడటం.

తొందరపడే రౌతు ఆరో మెట్టు మీద మొదలుపెడతాడు. పగ్గాలు లాగి గుర్రం తల కిందికి వంచుతాడు. చూడటానికి మెడ అందంగా వంగుతుంది, వీపు మాత్రం కొయ్యబారుతుంది. ఆ వీపుతో అది హాయిగా దూకలేదు.

ఒక ఉదయపు పాఠం ఎలా ఉండాలి?

ముందు పది నిమిషాలు పొడుగు పగ్గాలతో ఊరికే నడిపించాలి. తర్వాత ట్రాట్‌లో పెద్ద వృత్తాలు, రెండు వైపులా సమానంగా. ఆ తర్వాత గతి మార్పులు: నడక నుంచి ట్రాట్‌కు, మళ్లీ నడకకు, ట్రాట్ నుంచి క్యాంటర్‌కు. వెనక కాళ్లకు బలం పెంచడంలో ఈ మార్పులకు మించిన సాధన లేదు. గుర్రం వెచ్చబడ్డాక కాలి ఒత్తిడికి పక్కకు జరగడం నేర్పాలి. 18వ శతాబ్దపు ఫ్రెంచి గురువు లా గెరినియే ప్రచారంలోకి తెచ్చిన భుజం లోపలికి తెచ్చే సాధన ఆ తర్వాతి తరగతి.

దూకడానికీ ఈ సాధనకూ వంతెన నేలమీద పరిచిన కర్రలు. రెండు కర్రలను దూరంగా పెట్టి, మధ్య దూరాన్ని క్యాంటర్‌లో అయిదు అంగల్లో దాటాలి. తర్వాత అదే దూరం ఆరు అంగల్లో, ఆ తర్వాత నాలుగులో. తగవు లేకుండా మూడు రకాలుగానూ దాటించగలిగితే ఆ జంట అడ్డంకికి సిద్ధమైనట్టే. మధ్యమధ్య పగ్గాలు వదిలి విశ్రాంతి ఇవ్వాలి. మొత్తం నలభై అయిదు నిమిషాలు చాలు. బాగా చేసిన పని మీదే పాఠం ముగించాలి.

వారంలో రెండు మూడు రోజులు ఇలాంటి సాధన, ఒకరోజు దూకడం, ఒకరోజు ఎత్తుపల్లాల్లో నడక, ఒకరోజు పూర్తి సెలవు ఉంటే గుర్రం మనసు విసుగెత్తదు. మన ఎండల్లో పని తెల్లవారుజామునే ముగియాలి. అయ్యాక ఒళ్లంతా చల్లటి నీళ్లు పోసి, ఊపిరి కుదుటపడేదాకా నడిపించాలి. కళ్లెం ముక్కుపట్టీ కింద రెండు వేళ్లు సులువుగా దూరాలి. నోరు కట్టేసి తెచ్చే నెమ్మదికి విలువ లేదు.

పందెపు గుర్రాన్ని ఇందుకు మార్చవచ్చా?

మార్చవచ్చు. హైదరాబాద్ మలక్‌పేట లాంటి రేసుకోర్సుల్లో పరుగెత్తి విరమించిన థరోబ్రెడ్ జాతి గుర్రానికి దమ్ము, ధైర్యం పుట్టుకతోనే ఉంటాయి. చిక్కల్లా పాత అలవాటుతోనే. పగ్గం బిగిస్తే దాని మీద ఆనుకుని ఇంకా జోరుగా పోవడం అది నేర్చుకుంది. కాబట్టి మనం బిగించేకొద్దీ అది ఉరుకుతుంది. నెలల తరబడి నడక, పెద్ద వృత్తాలు, గతి మార్పులు తప్ప దగ్గర దారి లేదు.

బస్తర్ పిల్లలకు దారి ఎక్కడ?

విద్యార్థులకు స్వారీ నేర్పే ఎన్‌సీసీ రిమౌంట్ అండ్ వెటర్నరీ దళాలు ఉన్నాయి: ఛత్తీస్‌గఢ్‌లో దుర్గ్ దగ్గర అంజోరాలో, ఆంధ్రప్రదేశ్‌లో తిరుపతిలో. సొంత గుర్రం కొనలేని పిల్లలు జీను ఎక్కడానికి ఇదొక మంచి దారి.

ఈ ఆటలో మన దేశం చిన్నది కాదు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో రఘుబీర్ సింగ్ ఈవెంటింగ్ స్వర్ణం గెలిచాడు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అనుష్ అగర్వాలా, సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్, హృదయ్ ఛేడా డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం తెచ్చారు. ఆసియా క్రీడల గుర్రపు స్వారీలో మనకు 41 ఏళ్ల తర్వాత వచ్చిన బంగారం అది.

పిల్లల్ని స్వారీకి పంపే తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఎప్పుడు దూకిస్తారు అని గురువును తొందరపెట్టకండి. రికాబులు లేకుండా కూర్చోవడం, వృత్తం గుండ్రంగా తిప్పడం, అడిగిన చోట ఆపడం వచ్చేదాకా ఆగండి. ఆ నెలలు వృథా కావు. దుంగ మీంచి దూకే రోజున మీ బిడ్డనూ, మోస్తున్న ఆ గుర్రాన్నీ కాపాడేది ఆ నెలల్లో నేర్చుకున్న నడకే.