గుండె వీక్ అయితే ఒంట్లో నీరెందుకు చేరుతుంది..? వార్డులో సిస్టర్ రాసే లెక్క ఇంట్లోనూ రాయాల్సిందేనా..?

విశాఖపట్నం: హార్ట్ ఫెయిల్యూర్‌తో ఆస్పత్రిలో చేరిన పేషెంట్ దగ్గరికి వచ్చి సిస్టర్ మాటిమాటికీ అడిగే ప్రశ్నలు రెండు. ఎన్ని నీళ్లు తాగారు..? యూరిన్ ఎంత వచ్చింది..? పక్కనున్న అటెండెంట్‌కి ఇదేదో ఫార్మాలిటీలా అనిపిస్తుంది. గుర్తులేక నోటికొచ్చిన అంకె చెప్పేస్తుంటారు. కానీ పొద్దున్నే రౌండ్స్‌కి వచ్చే డాక్టర్ మందు డోసు పెంచాలా, తగ్గించాలా అని తేల్చేటప్పుడు ముందుగా చూసేది ఆ అంకెలనే.

అసలు పరీక్ష డిశ్చార్జ్ తర్వాత మొదలవుతుంది. దేశవ్యాప్తంగా 53 ఆస్పత్రుల్లో 10 వేల మందికి పైగా హార్ట్ ఫెయిల్యూర్ పేషెంట్లను గమనించిన నేషనల్ హార్ట్ ఫెయిల్యూర్ రిజిస్ట్రీలో, 90 రోజులు తిరిగేలోపు వందకి దాదాపు 14 మంది చనిపోయినట్టు తేలింది. వాళ్ల సగటు వయసు 60 ఏళ్లే. ఆస్పత్రిలో సిస్టర్ చూసుకున్న పనిని ఇంట్లో ఎవరు, ఎలా చూసుకోవాలి..? ఇక్కడ తెలుసుకుందాం..

గుండె ఆగిపోవడం కాదు

హార్ట్ ఫెయిల్యూర్ అనగానే గుండె ఆగిపోయిందని కంగారు పడతారు. గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. కాకపోతే ఒంటికి కావాల్సినంత రక్తాన్ని పంప్ చేయలేకపోతుంది. పాత హార్ట్ ఎటాక్, ఏళ్ల తరబడి కంట్రోల్‌లో లేని బీపీ, షుగర్, వాల్వ్ జబ్బులు.. ఇలా కారణాలు చాలా.

పంపింగ్ తగ్గితే కిడ్నీలకు వెళ్లే రక్తం తగ్గుతుంది. ఒంట్లో నీరు తక్కువైందని కిడ్నీలు పొరబడతాయి. హార్మోన్ల సాయంతో ఉప్పునీ, నీటినీ బయటికి పోనివ్వకుండా పట్టేసుకుంటాయి. అసలే అలసిపోయిన గుండెపై ఇంకా బరువు పడుతుంది.

గుండె ఎడమవైపు వీక్ అయితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. కుడివైపు వీక్ అయితే కాళ్ల వాపు, పొట్ట ఉబ్బరం కనిపిస్తాయి. చాలామందిలో రెండూ కలిసే ఉంటాయి. మన పెద్దవాళ్లు ‘ఒళ్లు నీరు పట్టింది’ అనేది దీన్నే.

వార్డులో సిస్టర్ ఏం చూస్తారు..?

1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆస్పత్రి, మన కేజీహెచ్, విశాఖకే కాదు.. శ్రీకాకుళం, విజయనగరం, మన్యం, పక్కనున్న ఒడిశా నుంచి వచ్చేవాళ్లకీ పెద్ద దిక్కు. ఉక్కునగరంలో స్టీల్ ప్లాంట్ ఆస్పత్రి, పోర్టు ఉద్యోగులకు గోల్డెన్ జూబ్లీ ఆస్పత్రి ఉన్నాయి. ఆస్పత్రి ఏదైనా హార్ట్ ఫెయిల్యూర్ బెడ్ దగ్గర నర్సింగ్ పని ఇంచుమించు ఒకటే.

* పొజిషన్: ఆయాసంతో వచ్చినవాళ్లను వెల్లకిలా పడుకోబెట్టరు. తలవైపు మంచం ఎత్తి కూర్చోబెడతారు. దాంతో ఊపిరితిత్తులపై ఒత్తిడి తగ్గుతుంది. ఆక్సిజన్ 90 శాతం కంటే పడిపోతే మాస్క్ పెడతారు.

* ఊపిరి లెక్క: నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నారో లెక్కపెడతారు. స్టెత్ పెట్టి వీపు కింది భాగంలో చిటపట శబ్దం ఉందేమో వింటారు. అది నీటి గుర్తు.

* వాపు: ముంజేకాలి ఎముక మీద వేలితో కొన్ని సెకన్లు నొక్కి వదులుతారు. గుంట పడి అలాగే ఉండిపోతే నీరు చేరినట్టే. మంచం మీదే ఉండే పేషెంట్‌కి నీరు కాళ్లలో కనిపించకపోవచ్చు. నడుము కింద, వీపు దిగువన చేరుతుంది. అందుకే ఒత్తిగించి మరీ చూస్తారు.

* చర్మం: నీరు పట్టిన చర్మం పల్చబడి తొందరగా చిట్లుతుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మారుస్తారు. మడమలు మంచానికి తగలకుండా పిక్కల కింద దిండు పెడతారు.

* నీటి లెక్క: తాగిన నీళ్లు, టీ, మజ్జిగ, చారు, ఎక్కించిన సెలైన్.. అన్నీ ఒకవైపు. యూరిన్, వాంతులు, విరేచనాలు ఇంకోవైపు. 24 గంటలకోసారి కూడతారు.

ఇక మందు విషయానికొస్తే.. నీరు తీసేందుకు ఎక్కువగా వాడేది ఫ్యూరోసెమైడ్. జనం నోట్లో లాసిక్స్. నరంలోకి ఇస్తే కొన్ని నిమిషాల్లోనే పని మొదలుపెడుతుంది. అందుకే ఇచ్చేముందు బీపీ చూస్తారు. ఇచ్చాక యూరిన్ గంటగంటకీ కొలుస్తారు. దీన్ని మెల్లగానే ఎక్కించాలి. పెద్ద డోసును గబగబా ఎక్కిస్తే వినికిడి దెబ్బతినే ప్రమాదం ఉంది. ‘తొందరగా ఇచ్చేయండి సిస్టర్, మళ్లీ బస్సు దొరకదు’ అని బతిమాలే అటెండెంట్లు ఈ విషయం గుర్తుపెట్టుకోవాలి.

నీటితో పాటు ఇంకేం పోతుంది..?

యూరిన్‌లో నీరొక్కటే పోదు. సోడియం, పొటాషియం కూడా పోతాయి. రక్తంలో సోడియం సాధారణంగా 135 నుంచి 145, పొటాషియం 3.5 నుంచి 5 మధ్య ఉండాలి. పొటాషియం బాగా తగ్గితే కాళ్లు లాగడం, నీరసం, గుండె లయ తప్పడం కనిపిస్తాయి. డిగాక్సిన్ వాడేవాళ్లకి ఇది ఇంకా డేంజర్. తగ్గిన పొటాషియంతో ఆ మందు విషంలా మారొచ్చు.

అలాగని పొటాషియం పెరిగినా ముప్పే. స్పైరోనోలాక్టోన్, కొన్ని రకాల బీపీ మందులు పొటాషియాన్ని ఒంట్లోనే ఆపేస్తాయి. ఉద్దానం ప్రాంతం నుంచి వచ్చేవాళ్లలో కిడ్నీ జబ్బు కూడా ఉండే అవకాశం ఎక్కువ. కిడ్నీ దెబ్బతింటే పొటాషియం బయటికి పోవడమే కష్టం. అందుకే ఈ మందులు వాడేవాళ్లు డాక్టర్ చెప్పిన గడువుకి రక్త పరీక్ష చేయించుకోవాలి. బాగానే ఉన్నాం కదా అని ఎగ్గొట్టకూడదు.

ఇంటికొచ్చాక మొదటి పని.. బరువు

గాజువాకలో ఒక ఇల్లు అనుకుందాం. ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన. ఆస్పత్రి నుంచి సోమవారం ఇంటికొచ్చారు. బరువు 64 కిలోలు. మంగళవారం 64.3. బుధవారం 65.2. గురువారం 66.4. ఆయాసం లేదు. అన్నం తింటున్నారు. ‘నాన్న కోలుకుంటున్నారు, ఒళ్లు చేస్తున్నారు’ అని ఇంట్లోవాళ్లు సంబరపడుతున్నారు.

మూడు రోజుల్లో 2.4 కిలోల కండ పెరగదు. లీటరు నీరు అంటే కిలో బరువు. అంటే ఆయన ఒంట్లో రెండు లీటర్లకు పైగా నీరు చేరింది. ఆయాసం ఇంకో రెండు మూడు రోజుల్లో రావొచ్చు. ఆ రెండు మూడు రోజులే చాలా కీలకం. ఈ దశలో ఫోన్ చేస్తే డాక్టర్ ట్యాబ్లెట్ డోసు మార్చడంతోనే సరిపోవచ్చు. ఆయాసం వచ్చేదాకా ఆగితే మళ్లీ ఐసీయూనే. పాడేరు నుంచో, ఇచ్ఛాపురం నుంచో రావాల్సినవాళ్లకైతే ఇది ఇంకా ముఖ్యం. వాళ్లకు దారిలోనే గంటలు గడిచిపోతాయి.

బరువు చూడటానికీ ఒక పద్ధతి ఉంది.

* పొద్దున్న లేచి, యూరిన్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు చూడాలి.
* రోజూ ఒకే మిషన్, ఇంచుమించు ఒకేలాంటి బట్టలు. మిషన్‌ని గట్టి నేల మీద పెట్టాలి.
* నోట్‌బుక్‌లో తేదీ, బరువు, కాళ్ల వాపు, రాత్రి ఎన్ని దిండ్లు పెట్టుకున్నారో రాయాలి. నిన్నటిదాకా ఒక దిండుతో పడుకున్న మనిషి ఇవాళ మూడు అడుగుతుంటే అది హెచ్చరికే.
* ఒక్క రోజులో కిలోకి పైగా, లేదా మూడు రోజుల్లో రెండు కిలోలకు పైగా పెరిగితే వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయాలి.

డిశ్చార్జ్ రోజున సిస్టర్ ఈ విషయాలన్నీ చెప్పి, ‘ఇప్పుడు మీరు చెప్పండమ్మా, బరువు ఎంత పెరిగితే మాకు ఫోన్ చేస్తారు..?’ అని అడిగితే చిన్నబుచ్చుకోవద్దు. అర్థమైందో లేదో చూసుకునే పద్ధతి అది. అడగకపోతే మీరే అడిగి తెలుసుకోండి. డిశ్చార్జ్ అయిన వారం రెండు వారాల్లోపు మొదటి చెకప్‌కి తప్పకుండా వెళ్లాలి.

నీళ్లు ఎన్ని తాగాలి..?

అందరికీ ఒకే అంకె లేదు. వాపు, ఆయాసం ఎక్కువగా ఉన్నప్పుడు, సోడియం తగ్గినప్పుడు డాక్టర్లు రోజుకి లీటరున్నర లోపే అని చెప్పడం మామూలు. జబ్బు నిలకడగా ఉన్నవాళ్లపై నెదర్లాండ్స్‌లో చేసి 2025లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, నీళ్లు కట్టడి చేసినవాళ్లకీ, చేయనివాళ్లకీ ఆరోగ్యంలో పెద్ద తేడా కనిపించలేదు. కట్టడి చేసినవాళ్లకు దాహం బాధ మాత్రం ఎక్కువైంది. కాబట్టి మీ డాక్టర్ మీకు చెప్పిన అంకెనే పట్టుకోండి. పక్క బెడ్ వాళ్ల అంకె మీకు పనికిరాదు.

కొలతకి ఈజీ చిట్కా.. లీటరున్నర అని చెబితే పొద్దున్నే అన్ని నీళ్లు ఒక సీసాలో నింపి పెట్టుకోండి. టీ తాగినా, మజ్జిగ తాగినా అదే గ్లాసుడు నీళ్లు సీసాలోంచి తీసేయండి. సాయంత్రానికి ఎంత మిగిలిందో కళ్లకే కనిపిస్తుంది. దాహం వేస్తే నిమ్మచెక్క చప్పరించడం, నోరు పుక్కిలించి ఉమ్మేయడం కొంత ఉపశమనం ఇస్తాయి. చిన్న ఐస్ ముక్క వేసుకున్నా ఫర్వాలేదు కానీ దాన్నీ నీటి లెక్కలోనే వేయాలి.

ఉప్పు ఎక్కడ దాక్కుంటుంది..?

రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సుమారు ఒక టీస్పూన్. కూరలో ఉప్పు తగ్గించాం అని చాలామంది చెబుతారు. కానీ పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు ఉంటాయి. ఫిషింగ్ హార్బర్ నుంచి తెచ్చిన ఎండుచేపల పులుసు ఉంటుంది. సాయంత్రం మిక్చర్ పొట్లం, బిస్కెట్లు. వీటన్నిటిలో ఉన్న ఉప్పు ఎవరి లెక్కలోకీ రాదు.

చింతపండు, నిమ్మరసం, మిరియాలు, వెల్లుల్లి, కరివేపాకు పొడితో రుచి తెచ్చుకోవచ్చు. ‘లో సోడియం సాల్ట్’ ప్యాకెట్ మాత్రం అడగకుండా కొనొద్దు. అందులో సోడియం బదులు పొటాషియం కలుపుతారు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి, స్పైరోనోలాక్టోన్ లాంటి మందులు వాడేవాళ్లకి అది ప్రమాదం. కొబ్బరి బొండం సంగతీ అంతే. అందులో పొటాషియం ఎక్కువ, పైగా అదీ నీటి లెక్కలోకే వస్తుంది.

వైజాగ్ ఎండలు.. రెండు వైపులా ముప్పు

ఏప్రిల్, మే నెలల్లో మన ఉక్కపోత తెలిసిందే. చెమటకి నీరూ పోతుంది, ఉప్పూ పోతుంది. పైన నీరు తీసే ట్యాబ్లెట్ ఉండనే ఉంది. దాంతో కొందరికి ఒంట్లో నీరు మరీ తగ్గిపోతుంది. లేచి నిలబడితే కళ్లు తిరగడం, నోరు ఎండిపోవడం, యూరిన్ బాగా తగ్గడం, బరువు ఉన్నట్టుండి పడిపోవడం దీని గుర్తులు. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు కూడా ఇంతే. అప్పుడు ట్యాబ్లెట్లు యథాతథంగా మింగేయకుండా, మీ అంతట మీరు ఆపేయకుండా డాక్టర్‌కి ఫోన్ చేసి అడగండి.

ఇక్కడే ఇంకో పెద్ద పొరపాటు జరుగుతుంది. ‘నీరసంగా ఉంది, ఒక సెలైన్ బాటిల్ పెట్టండి’ అని వీధి చివరి క్లినిక్‌కి వెళ్లడం. అర లీటరు నార్మల్ సెలైన్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. అంటే రోజు మొత్తానికి సరిపడా ఉప్పు, దానికి తోడు అర లీటరు నీరు.. నేరుగా రక్తంలోకి! వీక్‌గా ఉన్న గుండె దాన్ని తట్టుకోలేక ఊపిరితిత్తులు నిండిపోవచ్చు. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవాళ్లలో నీరసానికి కారణం గుండే కావొచ్చు. ఎక్కడికెళ్లినా ముందు ‘గుండె జబ్బు ఉంది’ అని చెప్పి, డిశ్చార్జ్ కాగితం చూపించండి.

మోకాళ్ల నొప్పులకి మెడికల్ షాపులో కొనే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి ట్యాబ్లెట్లు కూడా ఒంట్లో నీటిని ఆపేస్తాయి. కిడ్నీలపైనా ఒత్తిడి పెంచుతాయి.

బస్సు ప్రయాణం ఉందని, దారిలో బాత్రూం దొరకదని నీటి మాత్ర మానేసేవాళ్లు చాలామందే. మానేయొద్దు. టైమ్ కొంచెం అటూఇటూ మార్చుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండి. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లు కూడా ఏ టైమ్‌కి వేసుకోవాలో ముందే మాట్లాడుకోవడం మంచిది.

108కి ఎప్పుడు ఫోన్ చేయాలి..?

* పడుకోలేనంత ఆయాసం, మాట పూర్తి చేయలేకపోవడం
* గులాబీ రంగు నురగతో దగ్గు
* ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం
* పెదాలు నీలంగా మారడం, మనిషి తికమకగా మాట్లాడటం

అంబులెన్స్ వచ్చేలోపు పేషెంట్‌ని పడుకోబెట్టకండి. కాళ్లు కిందికి వేలాడేసి, వీపుకి ఆసరా ఇచ్చి కూర్చోబెట్టండి. నీళ్లు, టీ పట్టొద్దు. మందుల చీటీతో పాటు బరువు రాసిన నోట్‌బుక్ కూడా తీసుకెళ్లండి. క్యాజువాలిటీలో సిస్టర్ ఆ పుస్తకం తిరగేస్తే చాలు.. నీరు ఏ రోజు నుంచి చేరడం మొదలైందో తెలిసిపోతుంది.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందుల డోసు, నీళ్లు, ఉప్పు విషయంలో మీ డాక్టర్ సలహానే పాటించండి.)