చెరువుకు మన ఇల్లు ఎంత దూరం? బీమాకు ముందు కొలవాల్సింది ఇదీ

ఉదయగిరి అంటే కరువు సీమ. ఇక్కడ వరదకు ఇంటిని బీమా చేయించడమేమిటని మన వాడల్లో చాలామంది అడుగుతున్నారు. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు తెగింది. ఆ వరదలో సోమశిల నుంచి పెన్నకు 5 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలారు. ఆత్మకూరు వైపు నది ఒడ్డు పల్లెలకు ఆ రోజులు గుర్తే. వెలిగొండల నుంచి దిగే వాగులైతే ఏడాదంతా ఇసుకే కనిపించినా, ఒక్క రాత్రి వానకు పొంగుతాయి.

ఊరు మెరక మీద, వాడ పల్లంలో. ఇది మనం ఎంచుకున్న జాగా కాదు. చాలాచోట్ల దళితవాడ, అరుంధతివాడ చెరువు కట్ట కిందో, కలుజు నీళ్లు పోయే దారిలోనో, వాగు గట్టునో ఉంటాయి. అందుకే దూరం లెక్క మనకు ముఖ్యం.

ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఇంటి మీద వేలు నొక్కి పట్టుకుంటే దూరం కొలిచే వీలు కనిపిస్తుంది. అయితే ఎండాకాలం నీళ్లున్న చోటి నుంచి కొలిస్తే లెక్క తప్పుతుంది. చెరువైతే నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో అక్కడి నుంచి, వాగైతే గట్టు నుంచి కొలవాలి. కట్ట కింది ఇళ్లకు కట్ట నుంచి, కలుజు కాలువ నుంచి దూరం విడిగా రాసుకోవాలి. దూరం ఒక్కటే చాలదు. వాగుకు 50 మీటర్లలో మెరక మీదున్న ఇంటికన్నా 300 మీటర్ల అవతల పల్లంలో ఉన్న ఇల్లే ముందు మునగొచ్చు. ఎత్తు విషయంలో ఫోన్‌ను నమ్మలేం. నీళ్లు ఏ మెట్టుదాకా వచ్చాయో ముసలివాళ్లు గోడ మీద చూపించే గుర్తే మేలు.

2021 ఏప్రిల్ 1 నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ 'భారత్ గృహ రక్ష' పాలసీ అమ్మాలి. వరద, తుపాను, నీటి ముంపు అందులోనే ఉన్నాయి. అద్దెకున్నవాళ్లు సామాన్లకు మాత్రమే తీసుకోవచ్చు. గోడలో, కప్పో తాటాకు, గడ్డి, వెదురు, టార్పాలిన్ వంటి వాటితో ఉంటే పాలసీ భాషలో అది కచ్చా కట్టడం. దరఖాస్తులో నీటి సంగతైనా, కప్పు సంగతైనా అడిగితే ఉన్నదున్నట్టు రాయించండి. ఏజెంటు 'దూరమే' అని రాసేస్తే ప్రీమియం తగ్గొచ్చు, రేపు క్లెయిము కొట్టేయడానికి అదే సాకవుతుంది.

బీమా లేనివాళ్లకు మిగిలేది ప్రభుత్వ సాయం. 2022–26 విపత్తు సాయం నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పూర్తిగా కూలిన ఇంటికి, అది కచ్చాదైనా సరే, 1,20,000 రూపాయలు. అదే గుడిసె అని రాస్తే 8,000. మట్టిగోడల ఇంటిని గుడిసె కింద రాసేస్తే ఎంత పోతుందో చూడండి. అనుమతి ఉన్న కట్టడమని అధికారి ధ్రువీకరించాలన్న షరతూ ఉంది. కాబట్టి ఇంటి పట్టా, పన్ను రసీదు, నాలుగు వైపుల నుంచి తీసిన ఫొటోలు వానలకు ముందే ఫోన్‌లో ఉంచుకోండి, ఎగువనున్న బంధువులకూ పంపండి.

కంపెనీ క్లెయిము తిరస్కరిస్తే ముందు దానికే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా లేకపోయినా హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. దానికి రుసుము లేదు, వకీలు అక్కర్లేదు.