మిద్దె ఉరుస్తోందా?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో పాత ఇళ్లు ఉన్నాయి. కొన్ని మట్టి మిద్దెలు. కొన్ని పెంకుటిళ్లు. కొన్నింటికి పైన రాతి బండలు పరిచారు. తాతల నాటి ఇళ్లు. ఎండాకాలం చల్లగా ఉంటాయి.

మట్టి మిద్దె ఉరిస్తే ఏం చేస్తారు? పైన ఇంకొన్ని తట్టల మన్ను పోస్తారు. కారడం ఆగుతుంది. కానీ బరువు పెరుగుతుంది. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గది మీద అర అడుగు మందాన మన్ను ఉందనుకోండి. దాని బరువు సుమారు 2 టన్నులు. అంటే 50 కిలోల మూటలు 40! వాన నీళ్లు తాగితే ఇంకా బరువు. దూలం మాత్రం పాతదే.

2021 నవంబరులో రాయలసీమలో పెద్ద వానలు పడ్డాయి. ఎన్నో ఇళ్లు కూలాయి. కదిరిలో ఒక భవనం కూలి ప్రాణాలు పోయాయి. చనిపోయిన వాళ్లలో పిల్లలు ఉన్నారు.

ఈ సీమలో వానలు రెండు దఫాలు వస్తాయి. జూన్ నుంచి ఒకసారి. అక్టోబరు నుంచి ఇంకోసారి. మే నెలలోనే ఇల్లు చూసుకోవాలి.

ఎలా చూడాలి?

1. దూలం గోడలోకి పోయే చోట చాకు మొనతో గుచ్చండి. మెత్తగా దిగితే పుచ్చినట్టే. తడి ఎక్కువగా పట్టేది అక్కడే.

2. దూలాన్ని తట్టి చూడండి. డొల్ల చప్పుడు వస్తే లోపల చెదలు తినుండొచ్చు.

3. దూలం పక్కన, కింది అంచుకు సమంగా, ఈ కొన నుంచి ఆ కొనకు దారం లాగి కట్టండి. నడుమ దూలం దారం కన్నా ఎంత కిందికి దిగిందో కొలవండి. కొలత, తేదీ గోడ మీద రాయండి. నెల తర్వాత మళ్లీ కొలవండి. పెరిగితే దూలం ఒంగుతోందన్న మాట.

4. రాతి బండకు పగులు ఉంటే ఆ గదిలో పడుకోవద్దు. కర్ర ఒంగి చెబుతుంది. రాయి చెప్పకుండా విరుగుతుంది.

5. పెంకుటింట్లో పగిలిన పెంకులు వెంటనే మార్చండి. లేకపోతే తడికి వాసాలు పుచ్చిపోతాయి.

మార్చేటప్పుడు

దూలం చెడితే దూలమే మార్చాలి. ముందు కింద గట్టి గుంజలు ఆనించాలి. తర్వాత పైనుంచి కొద్దికొద్దిగా మన్ను దించాలి. ఆ సమయంలో కింద ఎవరూ ఉండరాదు. తడిసిన మిద్దె ఎక్కరాదు.

మట్టి గోడల మీద కాంక్రీటు స్లాబు వేయొద్దు. అవి ఆ బరువు మోయలేవు. పెంకులు, రేకులు తేలిక. రేకులను గాలికి లేవకుండా బిగించాలి. సిమెంటు రేకులు కోసేటప్పుడు నీళ్లు చల్లాలి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేటు.

"వచ్చే ఏడు చూద్దాం లే" అంటారు ఇంట్లో మగవాళ్లు. అప్పుడు గోడ మీద మీరు రాసిన కొలత చూపించండి.