పాత హారన్ స్పీకరు చెవుల్లో పొడుస్తోందా?

పాతబస్తీ ఇళ్లలో అటకెక్కిన సామాను ఒకటా రెండా! ఇత్తడి గుండిగలు, చెక్క ఉయ్యాల, మూలకో వాల్వు రేడియో. కొన్ని ఇళ్లలో వీటితోపాటు సినిమాహాలు నుంచి వచ్చిన పెద్ద హారన్ స్పీకరు కూడా ఉంటుంది. మగవాళ్లు దాన్ని ప్రాణంలా చూసుకుంటారు. మనకేమో అది మోగితే తలనొప్పి. సుశీలమ్మ గొంతు కూడా రేకు మీద మేకు పెట్టి గీసినట్టు వినిపిస్తుంది. తప్పు పాటది కాదు. చాలామటుకు స్పీకరుది కూడా కాదు.

మా మామయ్యగారు ముప్పై ఏళ్లు ఓ సినిమాహాల్లో ఆపరేటరుగా చేశారు. హాలు మూసేసేటప్పుడు రావలసిన జీతం కింద తెర వెనకాల హారను, దాని చెక్క డబ్బా ఇచ్చి పంపేశారు. ఇప్పుడాయనకి ఎనభై దాటాయి, వినికిడి తగ్గింది. పాటలో మాటలు తెలియడంలేదని సౌండు పెంచుతారు. పెంచితే హారను గీ పెడుతుంది. ఇంటర్ చదివే మా అమ్మాయి పుస్తకాలు తీసుకుని డాబా మీదికి పోతుంది. "రోజూ ఈ లొల్లి ఏంది, జుమ్మేరాత్ బజార్లో అమ్మేద్దాం" అన్నారు మావారు ఓరోజు. ఆ మాట చెవిన పడ్డాక మామయ్య స్పీకరు ముట్టుకోలేదు. వారం రోజులు ఇల్లు చల్లగానే ఉంది గానీ ఆయన ఊరికే కూర్చోవడం నేను చూడలేకపోయాను. రేడియో రిపేర్లు తెలిసిన మా మరిదిని కూర్చోబెట్టుకుని దాని సంగతి చూశాను.

అసలు హారను ఎందుకు పుట్టిందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. ఆ రోజుల్లో ఆంప్లిఫైయర్లకి బలం తక్కువ. పది ఇరవై వాట్లతో హాలంతా వినబడాలి. అందుకే పల్చటి రేకు పొర ముందు బూరలాంటి గొట్టం పెట్టారు. అమెరికాలో ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ 1945లో తెచ్చిన 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' స్పీకర్లు ఈ జాతివే. ఇంట్లో వాడే మామూలు స్పీకరు ఒక్క వాటుకి మీటరు దూరంలో సుమారు 88 డెసిబెళ్లు ఇస్తే హారను 105 దాటిస్తుంది. పైగా హాల్లో అది తెర వెనక ఉంటుంది, కుర్చీలు, జనం కొంత మోతని మింగేస్తారు. అదే హారను మన ఇంట్లో పది అడుగుల దూరంలో ఉంది. పెళ్లి వంటకి కొలిచిన కారం నలుగురి కూరలో వేస్తే ఎట్లా ఉంటుంది?

అందులోనూ మన చెవి 2,000 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య ధ్వనిని అన్నిటికంటే ఎక్కువగా పట్టుకుంటుంది. మెకానిక్కులు మిడ్‌రేంజ్ అనేదాంట్లో ఇది పై భాగం. హారను బలమంతా ఇక్కడే.

ముందుగా ఖర్చులేని పని. వేలి కణుపుతో హారను మీద కొట్టి చూడండి. స్టీలు పళ్లెంలా ఖంగుమంటే ప్రతి పాటలోనూ ఆ ఖంగు కలుస్తున్నట్టే. పళ్లెం మీద చెయ్యి వేస్తే మోత ఆగుతుంది కదా, అదే ఉపాయం. కారు తలుపుల లోపల అతికించే తారు షీటు ముక్కలు హారను బయటివైపు అతికించాం. లోపలివైపు అతికించకూడదు. కొట్టి చూస్తే ఇప్పుడు చెక్క మీద కొట్టినట్టు 'టక్'మంటుంది. మూతిలో పాత గుడ్డ కుక్కే అలవాటు కొందరికి ఉంది. అది సన్న ధ్వనుల్ని ముందు మింగేస్తుంది, గోల మాత్రం మిగులుతుంది.

ఇక గది. మావి షాబాద్ బండలు, డంగుసున్నం గోడలు. ధ్వని వాటికి తగిలి బంతిలా తిరిగొస్తుంది. స్పీకరుకీ కుర్చీకీ మధ్య జంపఖానా పరిచాను. ఎదురు గోడకి మా అత్తగారు కుట్టిన బొంత వేలాడదీశాను. హారను మూతి సరిగ్గా కుర్చీ మీదికి కాకుండా కాస్త పక్కకి తిప్పాం. ఈ మూడింటితోనే సగం పదును తగ్గింది. వినికిడి తగ్గినవాళ్లకి ప్రతిధ్వని పెద్ద శత్రువు. అది తగ్గితే మాట విడిగా తెలుస్తుంది. మామయ్య "ఇప్పుడు పాటలో 'స' తెలుస్తోందమ్మా" అంటూ సౌండు తనే తగ్గించారు.

మిగతా సగం మరిది పని. డబ్బాలోని బాస్ స్పీకరు కంటే హారను బాగా గట్టిగా మోగుతుంది కాబట్టి దాని ఒక్కదాని జోరు తగ్గించాలి. 8 ఓముల హారనైతే వరసలో 4 ఓముల రెసిస్టరు, హారనుకి అడ్డంగా 8 ఓములది వేస్తే 6 డెసిబెళ్లు తగ్గుతుంది. 16 ఓములదైతే 8, 16. రెసిస్టర్లు 10 వాట్లవి తీసుకోవాలి. వేడెక్కుతాయి కాబట్టి చెక్కకి తగలకూడదు. ఏళ్ల తరబడి ఉండి ఎండిపోయిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటరు తీసేసి అదే మైక్రోఫారడ్ విలువ ఉన్న ఫిల్మ్ కెపాసిటరు వేశాడు. ఆ కెపాసిటరు లేకుండా హారను కలపకూడదు. లావు ధ్వని వెళ్లిందంటే లోపలి పొర చిరిగిపోతుంది. ఈ సామానంతా కోఠి గుజరాతీ గల్లీలో దొరికింది.

జాగ్రత్తలు కూడా చెప్పాలి. వాల్వు ఆంప్లిఫైయరు లోపల వందల వోల్టులుంటాయి, ప్లగ్గు పీకినా కాసేపు నిలిచే ఉంటాయి. దాని మూత మనం తీయొద్దు. హారను వెనకాల ఉన్న డ్రైవరులో బలమైన అయస్కాంతం ఉంటుంది. గిన్నెలు తోమే ఇనుప పీచు దగ్గర పెట్టారంటే తునకలు లోపలికి లాక్కుని ఇక గరగరే. హారను విప్పినప్పుడు డ్రైవరు నోటికి శుభ్రమైన గుడ్డ కట్టండి. ఇంత చేసినా ఇంట్లో పెద్దవాళ్లు సౌండు పెంచుతూనే ఉంటే చెవి పరీక్ష చేయించాలి. మేం కోఠిలోనే ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్లాం. స్పీకరు సామానూ అక్కడే, చెవి డాక్టర్లూ అక్కడే!

బోనాలకీ, వినాయక చవితికీ స్తంభాలకి కట్టే మైకు హారన్ల మీద మాత్రం ఈ కష్టం దండగ. అవి మాట దూరం వెళ్లడానికి చేసినవి, లావు ధ్వని వాటిలో ఉండనే ఉండదు. బూర గ్రామఫోను ఉన్నవాళ్లు సాఫ్ట్ రకం ముల్లు అడిగి తెచ్చుకోండి, పదును ఇట్టే తగ్గుతుంది. ఉక్కు ముల్లు ఒక్కోటీ రికార్డులో ఒక్క వైపుకే వాడాలి. అరిగిన ముల్లు పెడితే గాడి కోసుకుపోతుంది.