పెళ్లికి ముందు పది కిలోలు

నిశ్చితార్థం అయిన మర్నాడే ఎవరో ఒకరు అమ్మాయి ఫోన్‌కి ఆ వీడియో పంపిస్తారు: 'నెల రోజుల్లో పది కిలోలు'. మా చుట్టాలమ్మాయి అది నమ్మి నెలంతా జ్యూసులతోనే గడిపింది. పెళ్లి జాకెట్టును టైలరు రెండుసార్లు బిగించాడు. తలంబ్రాల వేళకు పిల్ల కళ్లు తిరిగి పీటల మీదే ఒరిగిపోయింది. మూడు నెలలు తిరిగేసరికి దువ్వెన నిండా జుట్టు. ఆ వీడియో మాత్రం ఇంకా తిరుగుతూనే ఉంది.

దాని లెక్కేమిటో చూడండి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీలు ఖర్చు కావాలి. పది కిలోలకు 77,000. రోజుకు 2,500 పైమాటే. కూర్చుని పనిచేసే మహిళకు రోజంతటికీ కావలసింది 1,660 కేలరీలని హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. అంటే నెలంతా పచ్చి మంచినీళ్లు ముట్టకపోయినా పది కిలోల కొవ్వు కరగదు! 'మొదటి వారంలోనే మూడు కిలోలు తగ్గాను కదా' అంటారు. తగ్గింది చాలావరకు నీరు. కాలేయం, కండరాలు దాచుకున్న పిండిపదార్థం తనకు మూడింతల నీటిని పట్టి ఉంచుతుంది. తిండి మానగానే ముందు పోయేది అదే. ఆ తర్వాత కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. నెలసరి తప్పొచ్చు, పిత్తాశయంలో రాళ్లు రావచ్చు. మళ్లీ మామూలుగా తినగానే ఆ నీరు తిరిగొస్తుంది. అమ్మాయేమో తప్పంతా తన నోటిదే అనుకుని కుమిలిపోతుంది. నాకు కడుపు మండేది అక్కడే.

2008లో 'టషన్' అనే హిందీ సినిమాతో మన ఇళ్లలోకొచ్చిన 'సైజ్ జీరో' అమెరికా రెడీమేడ్ బట్టల మీది అంకె. కంపెనీని బట్టి మారే ఆ అంకె ఆరోగ్యానికి కొలత ఎలా అవుతుంది? ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. సగానికి పైగా ఆడవాళ్లకు రక్తం చాలని చోట పిల్లల్ని పస్తులుండమంటున్నాం.

తేనె, నిమ్మరసం కొవ్వును కరిగించవు. నడుముకు కట్టే బెల్టు చెమట పట్టిస్తుంది, అంతే.

అన్నం మానితే తగ్గుతారన్న మాటలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోక తప్పదు. మన కంచంలో ఎక్కువ భాగం అన్నమే ఉంటోంది. మానక్కర్లేదు, సగం చేసి పప్పు, కూర, గుడ్డు పెంచండి. నడుము 80 సెంటీమీటర్లు దాటినా, ఇంట్లో షుగర్ ఉన్నా బరువు మీద శ్రద్ధ పెట్టాల్సిందే. డాక్టరును అడిగి, వారానికి అరకిలో చొప్పున తగ్గితే చాలు.

అమ్మలకూ, అత్తలకూ, పిన్నులకూ ఒక మనవి. పిల్ల గుమ్మంలో అడుగు పెట్టగానే 'ఒళ్లు చేశావేమే' అని పలకరించకండి. తిన్నావా అని అడగండి. పెళ్లి జాకెట్టు కుట్టేటప్పుడు లోపల ఓ అంగుళం గుడ్డ ఎక్కువ వదలమని టైలరుకు ముందే చెప్పండి.