శ్వాసనాళంలో అన్యపదార్థం
గింజ, పూస వంటి వస్తువు పొరపాటున గాలిగొట్టంలోకి పోయి చిక్కుకొనడాన్ని శ్వాసనాళ అన్యపదార్థం అంటారు. 3 సంవత్సరాలలోపు పిల్లలలో ఇది ఎక్కువ. దవడపళ్ళు పూర్తిగా రాని ఈ వయసులో వేరుశనగ గింజ ముఖ్య కారణం.

కుడి శ్వాసనాళం ఎడమదానికంటే వెడల్పుగా, నిటారుగా ఉండడం వలన వస్తువు తరచుగా అటే పోతుంది. మొదట ఉక్కిరిబిక్కిరి, దగ్గు కలుగుతాయి. తరువాత అవి తగ్గిపోవచ్చు. నిజానికి మోసం చేసేది ఈ దశయే. గింజ బయటపడిందని పెద్దలు అనుకొంటారు. లోపల అది వాపు కలిగిస్తుంది. కొన్ని వారాలకు పిల్లికూతలు, తగ్గని న్యుమోనియా కనిపిస్తే ఉబ్బసమని పొరబడే అవకాశం ఉంది. గింజలు సాధారణంగా ఎక్స్-రేలో కనబడవు. కాబట్టి ఎక్స్-రే కంటే "తింటూ పొలమారింది" అన్న తల్లి మాటే విలువైనది.

==ప్రథమ చికిత్స==
గట్టిగా దగ్గుతున్న బిడ్డను దగ్గనివ్వాలి. దగ్గలేక, ఏడవలేక పోతుంటే తల కిందికి వంచి వీపుపై 5 సార్లు చరచాలి. ఏడాదిలోపు శిశువుకు ఛాతీపై, పెద్దపిల్లలకు బొడ్డుకు పైన 5 సార్లు నొక్కాలి. ఫలితం లేకుంటే ఇదే క్రమం కొనసాగిస్తూ సహాయం పిలవాలి. కనబడని వస్తువుకై నోట్లో వేలు పెట్టి వెదకరాదు.

==తొలగింపు==
మత్తు ఇచ్చి, బ్రాంకోస్కోపు అనే గొట్టం ద్వారా వస్తువును తీస్తారు. ఈ విద్యలో ప్రసిద్ధుడైన అమెరికా వైద్యుడు షెవాలియర్ జాక్సన్ (1865-1958) గొంతు, అన్నవాహిక, ఊపిరితిత్తులనుండి తీసిన 2,000కు పైగా వస్తువులు ఫిలడెల్ఫియాలోని మ్యూటర్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో పిన్నీసులు కూడా ఉన్నాయి.